మట్టికుండయు విద్యుత్కేంద్రమును

రోహిణీకార్తెలో విజయవాడ యెండ నిప్పులు చెఱగుచుండగా మట్టికుండలోని నీరు చల్లగా నుండు టేల? విద్యార్థులారా, దీని కారణమును మేమిచ్చట దెలుప గోరుచున్నాము.

కుండగోడయందలి సన్నని రంధ్రములగుండ నీరు వెలికి వచ్చి ఆవిరి యగును. ఒక గ్రాము నీరు అట్లావిరి యగుటకు సుమారు 580 కెలరీల వేడి కావలెను. ఆ వేడిలో చాలభాగము లోని నీటినుండియే పోవును. ఆవిరి గాలిలోనికి పోవుట ద్రవ్యప్రసరణము. వేడి యొకచోటినుండి మఱియొకచోటికి పోవుట ఉష్ణప్రసరణము. గాలి చెమ్మతో నిండియున్నచో ఆవిరి యగుట మందగించును. మచిలీపట్టణమున ఉక్కపోత దినములలో కుండనీరు అంతగా చల్లబడకుండుటకును, మన చెమట యాఱకుండుటకును ఇదియే కారణము. అట్టి దినముల వడదెబ్బ ప్రాణాంతకము కావచ్చును.

ఇబ్రహీంపట్టణమునందలి విద్యుత్కేంద్రమును నడుపునదియు నీ శాస్త్రమే. బొగ్గుమంట వేడి ఉక్కుగొట్టములను దాటి నీటిని ఆవిరి చేయును. ఆవిరి చక్రమును ద్రిప్పి, పిమ్మట చన్నీటిగొట్టములను దాకి మరల నీరగును. బొగ్గువేడిలో సుమారు మూడవవంతే విద్యుత్తగును. గొట్టములలో పెచ్చు గట్టినచో వేడి సరిగా దాటదు. అంత బొగ్గు వ్యర్థము.

ఈ కేంద్రపు మొదటి యంత్రము 1979లో పని ప్రారంభించెను. కృష్ణాజిల్లా కవుతరమున 1917లో జన్మించిన నార్ల తాతారావుగారు కాశీలోను అమెరికాలోను చదివి, 1974లో రాష్ట్ర విద్యుత్ మండలికి అధ్యక్షులైరి. నేడు కేంద్రమునకు వారి పేరే గలదు.

వృథాయగు వేడిలో కొంతయైన నిలుపు టెట్లో కనుగొనుట మన బాలబాలికలకు మిగిలియున్న పని. కుండను జూచి యేల యని యడిగినవారే యా పనికి తగుదురు.