ప్రత్యేక సంరక్షణ కోరే కుక్కకు తగిన ఇల్లు

వాహనం తగిలి, చికిత్స పొంది, ప్రాణం దక్కించుకున్న వీధికుక్కలలో కొన్ని మళ్లీ వీధిలో బతకలేవు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం సంతాన నిరోధక శస్త్రచికిత్స, రేబిస్ టీకా పూర్తయిన కుక్కను పట్టుకున్న చోటనే విడిచిపెట్టాలి. అయితే వెనుక కాళ్లు చచ్చుబడిన కుక్కను, చూపు కోల్పోయిన కుక్కను రహదారిపై విడవడమంటే దానిని రెండవసారి వాహనం కిందికి నెట్టడమే. అందుచేత ఇవి ఆశ్రయ కేంద్రాలలో నెలల తరబడి, కొన్ని సంవత్సరాల తరబడి, ఒక ఇంటికోసం వేచి ఉంటాయి.

దత్తత పత్రాన్ని తెనిగించే పని వచ్చినప్పుడు, ఈ కుక్కలను తొలుత ‘వికలాంగ శునకాలు’ అని వ్రాశాను. చూచిన పశువైద్యుడు అంగీకరించలేదు. మూర్ఛకు మాత్రలు వాడే కుక్కకు నాలుగు కాళ్లూ చక్కగానే ఉంటాయి గదా అన్నారు. ‘ప్రత్యేక అవసరాలు’ అనే మాట దస్త్రానికి సరిపోయింది. కుక్కను తీసుకునే కుటుంబానికి మాత్రం ఆ మాట చాలదు. ఏ అవసరం, రోజుకు ఎన్నిసార్లు, ఎవరి చేతులమీదుగా అన్నది తేలాలి.

చెన్నైలో నాకు తెలిసిన ఒక ఆడకుక్క సంగతి చెబుతాను. దాని పేరు రాణి. వెన్నెముక దెబ్బతిని వెనుక కాళ్లు పడిపోయాయి. చక్రాల బండి కట్టుకొని పరుగెత్తే దాని చిత్రం చూచి ఒక యువ దంపతులు ముచ్చటపడి తీసుకువెళ్లారు, పదకొండవ రోజున తిరిగి అప్పగించారు. వారిని నిందించడానికి నాకు మనసు రాదు. ఇటువంటి కుక్కలలో చాలావాటికి మూత్రంపై అదుపు ఉండదు. రోజుకు మూడు నాలుగు సార్లు పొట్టను రెండు వైపులా మెల్లగా నొక్కి మూత్రాన్ని వెలికి తీయాలి. తీయకపోతే మూత్రాశయానికి సోకు తగులుతుంది, జ్వరం వస్తుంది. ఈడ్చుకొని నడవడంవల్ల తొడలపై పుండ్లు పడతాయి. కనుక మెత్తని పరుపు, పొడి గుడ్డ, ప్రతిదినం చర్మ పరీక్ష తప్పనిసరి. చక్రాల బండి కొంతసేపు వ్యాయామానికే గాని, దినమంతా కట్టి ఉంచేది కాదు. ఉదయం ఎనిమిదింటికి ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లి రాత్రి ఎనిమిదింటికి తిరిగివచ్చే ఇంట్లో ఇది సాధ్యం కాదు. ఈ సంగతి వారికి ముందుగా ఎవరూ చెప్పలేదు.

అన్ని లోపాలూ ఇంత భారమైనవి కావు. మూడు కాళ్ల కుక్క త్వరలోనే నడక నేర్చుకుంటుంది. బరువు పెరగకుండా చూచి, నున్నని నేలపై చాప పరిస్తే చాలు. గుడ్డి కుక్క ఇంటిని వాసనతో, అడుగుల లెక్కతో గుర్తుపెట్టుకుంటుంది. గిన్నెను, మంచాన్ని తరచు జరపని ఇల్లు దానికి మేలు. చెవిటి కుక్కను చేతి సైగలతో నేర్పవచ్చు, నిద్రలో తటాలున తాకరాదు, బయట తాడు విప్పరాదు. డిస్టెంపర్ జ్వరం నుండి బయటపడిన కుక్కకు ఒక కాలో దవడో జీవితాంతం అదురుతూ ఉండవచ్చు. చూచినవారు రేబిస్ అని భయపడతారు గాని, ఇది మనుషులకు సోకే వ్యాధి కాదు. మూర్ఛ గల కుక్కకు మాత్రలు వేళ తప్పరాదు, వైద్యుని సలహా లేకుండా అకస్మాత్తుగా ఆపరాదు.

వలస వచ్చి అద్దె ఇళ్లలో ఉండే మన కుటుంబాలు మరికొన్ని ఆలోచించుకోవాలి. పెంపుడు జంతువులను నివాస సంఘాలు నిషేధించరాదని భారత జంతు సంక్షేమ మండలి మార్గదర్శకాలు చెబుతున్నాయి. అయినా ఇంటి యజమానితో ముందే మాట్లాడుకోవడం మంచిది, ఎందుకంటే ఇల్లు మారవలసివస్తే కష్టం కుక్కదే. లిఫ్టు లేని మూడవ అంతస్తుకు పదిహేను కిలోల కుక్కను రోజుకు నాలుగుసార్లు ఎత్తుకొని ఎక్కగలమా? పండుగకు ఊరికి వెళ్లేటప్పుడో? రైలులో కుక్కను వెంట ఉంచుకోవాలంటే మొదటి తరగతిలో గదినంతటినీ తీసుకోవాలి, లేదా గార్డు పెట్టెలోని కుక్కల అరలో పంపాలి. కాళ్లు లేవని కుక్కను ఆ అరలో పడవేయడం నేనైతే ఊహించలేను. కనుక మీరు లేని నాలుగు రోజులు ఎవరు చూస్తారో పేరుతో సహా నిర్ణయించుకొన్న తరువాతే దరఖాస్తు చేయండి.

2025 ఆగస్టు 22 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వు ప్రకారం వీధికుక్కను దత్తత కోరేవారు నగరపాలక సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ కుక్క మళ్లీ వీధికి చేరకుండా చూచే బాధ్యత వారిదే. చెన్నైలో పెంపుడు కుక్కకు నగరపాలక లైసెన్సు తీసుకోవాలి, రేబిస్ టీకా ధ్రువపత్రం జతచేయాలి.

ఇచ్చేవారికీ ఒక విన్నపం. పుండ్లను, ఖర్చును, రాత్రివేళ శుభ్రం చేయవలసిన పనిని దాచకండి. వచ్చినవారిచేత కేంద్రంలోనే రెండు మూడు సార్లు ఆ పని స్వయంగా చేయించి చూడండి. కొన్ని వారాలు తాత్కాలిక పోషణకు ఇచ్చి, ఆ తరువాతనే దత్తత పత్రంపై సంతకం తీసుకోండి. సంకోచంతో ప్రశ్నలు అడిగేవారే తరచు నిలబడతారు. కన్నీళ్లతో వచ్చి అప్పుడే తీసుకుపోతామనేవారిని ఒక వారం ఆగమనడం తప్పు కాదు.

రాణికి రెండవ ఇల్లు దొరకడానికి ఏడు నెలలు పట్టింది. అచ్చుకూటంలో కంపోజిటరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దాయన, ఆయన భార్య, క్రింది అంతస్తు వాటా. ఆయన తొలిరోజు అడిగిన ప్రశ్న, “ఎన్ని గంటలకు పట్టాలి?” అని. ఇప్పుడు వంటింటి తలుపుపై నాలుగు వేళలు సుద్దతో వ్రాసి ఉంటాయి. మొన్నటి సంక్రాంతికి వారు గూడూరు వెళ్లలేదు, కొడుకూ కోడలే పిల్లలతో చెన్నై వచ్చారు.