పనిముట్టు – పదుగురి మాట

చెన్నూరు చెంత గోదావరి ఉత్తరవాహినియై ప్రవహించును. ఆ ప్రాంతపు అడవులలో నల్లమద్ది చెట్లపై దసలి పట్టుపురుగులను పెంచువారు కలరు. పురుగును పెంచువారొకరు, కాయనుండి దారము తీయువారు వేఱొకరు, నేయువారు మఱియొకరు. చేతులు మారినకొలది దారము వస్త్రమగును. పనిముట్టు సంగతియు నిట్టిదే. ఒకని ఇంట పుట్టిన ఉపాయము పదుగురి మాట విని మేలైన సాధనమగును. ఇందులకు తెలంగాణములోనే చక్కని నిదర్శనము కలదు.

ఆలేరు సమీపమున శారాజీపేట యను గ్రామమున్నది. ఆ ప్రాంతమున పోచంపల్లి రీతి పట్టుచీరలు నేయుదురు. నేతకు ముందు పేకదారమును ఆసు పోయవలెను. ఒకవైపున ఒక మేకు, దాని కెదుట అర్ధవలయముగా పెక్కు మేకులు నుండును. దారమును చేతితో అటునిటు నడపుచు మేకులకు చుట్టవలెను. ఒక్క చీరకు ఇంచుమించు 9,000 సార్లు చేయి ఆడవలెను. నాలుగైదు గంటలు పట్టును. తరతరములుగా ఈ శ్రమ స్త్రీలదే.

ఆ గ్రామమున చింతకింది మల్లేశము తల్లి లక్ష్మి ఆసు పోసి పోసి భుజము నొప్పితో బాధపడుచుండెను. బడిచదువు మధ్యలోనే మానిన ఆ యువకుడు 1992లో ఆసుయంత్రము చేయ బూనెను. చేతి కదలికలను ఒక్కొక్కటిగా యంత్రమునకు నేర్పవలసివచ్చెను. సొమ్ము వ్యయమయ్యెను, పలువురు నవ్విరి. కడపటి చిక్కు మాత్రము విడలేదు. బ్రతుకుతెరువునకై హైదరాబాదు చేరి, బాలానగరమున ఒక కర్మాగారములో పనికి పోయినపుడు, అచ్చటి యంత్రపు కదలికలో అతనికి సమాధానము దొరకెను. 1999లో ఆసుయంత్రము సిద్ధమయ్యెను. నాలుగైదు గంటల పని గంటన్నరలో ముగియసాగెను. దానికి తల్లి పేరిట లక్ష్మీ ఆసుయంత్రమని పేరిడెను. పిదప దానికి ఎలక్ట్రానిక్ నియంత్రణమును గూడ చేర్చెను. 2017లో అతనికి పద్మశ్రీ పురస్కారము లభించెను.

బాలలారా! నవ్వు వేఱు, విమర్శ వేఱు. నవ్వువాడు దూరమున నిలుచును. విమర్శించువాడు దగ్గఱకు వచ్చి, దారమును పట్టి చూచి, ఎచ్చట బిగిసినదో, ఎచ్చట వదులైనదో చెప్పును. మొదటిదానికి వెఱవరాదు, రెండవదానిని విడువరాదు.

ఇట్టి పనివారిని వెదకుచు ‘పల్లె సృజన’ యను సంస్థవారు గ్రామములలో కాలినడకన శోధయాత్రలు చేయుదురు. ఒక ఊరి ఉపాయమును వేఱొక ఊరివారికి తెలుపుదురు. ఆచార్య అనిల్ గుప్తా స్థాపించిన ‘హనీ బీ’ సంఘమునకు తేనెటీగయే ఆదర్శము. అది పూవునకు హాని చేయక తేనె గ్రహించును. ఒక పూవు పుప్పొడిని వేఱొక పూవునకు చేర్చును. అట్లే ఉపాయమును గ్రహించువారు దానిని కనిపెట్టినవాని పేరు మఱువరాదు, నేర్చినదానిని దాచరాదు.

మీరును ఇంట నేదైన వస్తువు చేసితిరా? దానిని వాడువారి చేతికిండు. “బాగున్నదా?” యని మాత్రమే యడుగకుడు, “ఎచ్చట ఇబ్బందిగా నున్నది?” అని యడుగుడు. ఆ ప్రశ్నతోనే రెండవ యంత్రము మొదలగును.