ఒక్క ఫైలు దారి వేరు

1976 ప్రాంతంలో ఒకరోజు స్టీవ్ జాన్సన్ తన కర్మను తిట్టుకుంటూ బెల్ ల్యాబ్స్‌లో తన సహోద్యోగి స్టువర్ట్ ఫెల్డ్‌మన్ గదిలోకి వచ్చాడు. ప్రోగ్రాంలో తప్పు ఎప్పుడో దిద్దేశాడు గానీ ఆ ఫైలును మళ్ళీ కంపైల్ చెయ్యలేదు. లేని తప్పు కోసం పొద్దుటంతా వెతికాడు. ఆ వారాంతంలోనే ఫెల్డ్‌మన్ ‘మేక్’ అనే ప్రోగ్రాం రాశాడు. ఏ ఫైలు మారిందో, దానిమీద ఏవి ఆధారపడ్డాయో చూసి, కావలసినంత వరకే మళ్ళీ కంపైల్ చేయించడం దాని పని. 2003లో దీనికే ఏసీఎం సాఫ్ట్‌వేర్ సిస్టమ్ పురస్కారం దక్కింది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది మేక్‌లోని మరో గుణం. కంపైలర్‌కు ఇవ్వాల్సిన ఆదేశాలను పైన ఒక్కచోట రాస్తే ఫైళ్ళన్నిటికీ అవే వర్తిస్తాయి. తర్వాత వచ్చిన గ్నూ మేక్ ఇంకో అడుగు వేసింది: ఏదో ఒక్క ఫైలుకు మాత్రం వేరే ఆదేశం రాసుకోవచ్చు. ఊరంతా శనక్కాయ వేసినా, రాళ్ళు తేలిన తన చేనులో అనంతపురం రైతు ఉలవలు చల్లుకున్నట్టే ఇదీ.

అలాంటి ఏర్పాటే విజువల్ స్టూడియో లాంటి పనిముట్లలోకి మౌస్‌తో నొక్కే పట్టికలుగా వచ్చింది.

1946లో గిండీలో మొదలై, 1948లో అనంతపురం చేరిన ఇంజనీరింగ్ కళాశాల ఇప్పుడు అనంతపురం జేఎన్‌టీయూలో భాగం. అక్కడి విద్యార్థులు మండలాలవారీ వానల లెక్క చూపే ప్రోగ్రాం సీ ప్లస్ ప్లస్‌లో రాస్తున్నారనుకుందాం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో నెట్టుకొచ్చే నేలకు ఆ లెక్క చాలా అవసరం. పని వేగంగా సాగాలని, ముందే కంపైల్ చేసిన హెడర్‌ను ప్రతి ఫైలూ వాడాలని ప్రాజెక్టు మొత్తానికి నియమం పెట్టారు. లెక్కలు దాచుకోవడానికి ఎస్‌క్యూలైట్‌ను తెచ్చి చేర్చారు. రిచర్డ్ హిప్ 2000లో విడుదల చేసిన ఈ డేటాబేస్ కోడంతా ఒకే పెద్ద ఫైలుగా దొరుకుతుంది, అదీ సీ భాషలో. సీ ప్లస్ ప్లస్ కోసం తయారైన హెడర్ దానికి పనికిరాదు. కంపైలర్ అక్కడే ఆగిపోతుంది.

ప్రాజెక్టు మొత్తానికీ ఆ హెడర్‌ను ఆపేస్తే మిగతా ఫైళ్ళన్నీ నెమ్మదిస్తాయి. ఎస్‌క్యూలైట్ కోడ్‌లోనే మార్పు చేస్తే, కొత్త వెర్షన్ తెచ్చుకున్న రోజున ఆ మార్పు పోతుంది. విజువల్ స్టూడియోలో ఆ ఒక్క ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో ‘హెడర్ వాడొద్దు’ అని ఎంచుకోవడమే సరైన పద్ధతి. ప్రాజెక్టు నుంచి వచ్చిన విలువలు మామూలు అక్షరాల్లోనూ, మనం మార్చినది బొద్దు అక్షరాల్లోనూ కనిపిస్తాయి. ఆరు నెలల తర్వాత ఈ ప్రాజెక్టు చేతికొచ్చే కొత్త విద్యార్థికి మినహాయింపు ఎక్కడుందో ఆ బొద్దు అక్షరాలే చెప్తాయి. అందుకే ఈ చిన్న ఏర్పాటంటే నాకు ఎంతో గౌరవం.

అయితే ఇలా మార్చిన విలువకు పైనుంచి మళ్ళీ మార్పులు అందవు. ఆ ఫైలుకే హెచ్చరికల స్థాయి విడిగా పెట్టామంటే, రేపు ప్రాజెక్టు స్థాయి పెంచినా అది పాతచోటే ఉండిపోతుంది. కాబట్టి అవసరమైన ఒక్క గడినే ముట్టుకుని మిగతావి వదిలెయ్యాలి. పైగా, డీబగ్ కాన్ఫిగరేషన్‌లో చేసిన మార్పు రిలీజ్ కాన్ఫిగరేషన్‌కు దానంతటది రాదు. పట్టిక పైభాగంలో ‘అన్ని కాన్ఫిగరేషన్లు’ ఎంచుకుని మార్చాలి. మినహాయింపుతో పని తీరిపోతే, అదే గడిలో ప్రాజెక్టు విలువనే తీసుకొమ్మని ఎంచుకుంటే చాలు; ఆ ఫైలు మళ్ళీ అందరితో కలుస్తుంది.