దారి లేదు... నడవాల్సిందే!

పేరు గేట్స్ ఆఫ్ ది ఆర్కిటిక్. అంటే ఆర్కిటిక్ ద్వారాలు. తీరా వెళ్లి చూస్తే ద్వారమన్నదే కనిపించదు! టిక్కెట్టు కౌంటరు ఉండదు, రోడ్డుండదు, ఎటు వెళ్లాలో చెప్పే బాణం గుర్తుండదు. కాలిబాట అసలే ఉండదు. అయినా ఏటా కొందరు పది పదిహేను రోజులకు సరిపడా తిండి, గుడారం వీపున వేసుకుని అక్కడికి వెళ్తూనే ఉంటారు. దారి లేనిచోట నడవడానికి!

అమెరికాలోని అలాస్కా రాష్ట్రంలో, ఆర్కిటిక్ వలయానికి పూర్తిగా ఉత్తరాన, బ్రూక్స్ పర్వతాల మధ్య ఉందీ జాతీయ పార్కు. దాని అభయారణ్యాన్నీ కలుపుకుంటే విస్తీర్ణం సుమారు 34 వేల చదరపు కిలోమీటర్లు. మన కేరళ కంటే కాస్త చిన్నదంతే. అంతటి అడవికి ఏడాది మొత్తమ్మీద వచ్చేవాళ్లు అటూఇటుగా పదివేలమంది. తిరుమల కొండకు మామూలుగా ఒక్కరోజులో వచ్చే జనంలో అది ఐదోవంతు కూడా కాదు. వారిలోనూ కొందరు చిన్న విమానంలో వచ్చి, ఏ సరస్సు ఒడ్డునో కాసేపు దిగి, ఫొటోలు తీసుకుని వెళ్లిపోయేవాళ్లే. వారాల తరబడి నడిచేవాళ్లు ఇంకా తక్కువ.

పేరు పెట్టిందెవరు?

అడవుల నిపుణుడు రాబర్ట్ మార్షల్ 1929లో తొలిసారి ఈ ప్రాంతానికి వచ్చాడు. కోయుకుక్ నది ఉత్తర పాయ వెంట నడుస్తుంటే నదికి చెరోవైపు నిలబడిన రెండు కొండలు కనిపించాయి. ఒకటి బోరియల్ మౌంటెన్, రెండోది ఫ్రిజిడ్ క్రాగ్స్. ఉత్తర ధ్రువం దిక్కుగా తెరిచి ఉంచిన తలుపు రెక్కల్లా అనిపించాయతనికి. అలా ‘గేట్స్ ఆఫ్ ది ఆర్కిటిక్’ అన్న పేరు పుట్టింది. దగ్గర్లోని వైజ్‌మన్ అనే చిన్న ఊళ్లో కొన్నాళ్లుండి, అక్కడి జనజీవితం మీద 1933లో ఓ పుస్తకం కూడా రాశాడు. అడవిని అడవిలా వదిలేయాలంటూ పోరాడిన ‘ది వైల్డర్‌నెస్ సొసైటీ’ని 1935లో స్థాపించినవాళ్లలో అతనూ ఒకడు. 38 ఏళ్లకే కన్నుమూశాడు. అతను పోయాక నాలుగు దశాబ్దాలకు, 1980 డిసెంబరు 2న, ఆ ప్రాంతం జాతీయ పార్కు అయింది. పేరు మాత్రం అతను పెట్టిందే!

రోజంతా నడిస్తే...

అలిపిరి మెట్లదారిలో తిరుమలకు తొమ్మిది కిలోమీటర్ల దాకా నడవాలి. ఓపికున్నవాళ్లు మూడు నాలుగు గంటల్లో ఎక్కేస్తారు. ఇక్కడ అంతే దూరం నడవడానికి రోజంతా పడుతుంది. అలవాటున్నవాళ్లు సైతం రోజుకు తొమ్మిది, పది కిలోమీటర్లు నడిస్తే గొప్పగా నడిచామనుకుంటారు!

కారణం నేలలోనే ఉంది. పైపొర కింద ఏళ్ల తరబడి కరగని మంచునేల ఉంటుంది. వేసవిలో పైపైన కరిగిన నీరు కిందికి ఇంకే దారిలేక అక్కడే నిలిచిపోతుంది. ఆ బురదలో మనిషి తలంతేసి గడ్డిదుబ్బులు వేల సంఖ్యలో లేచి ఉంటాయి. దుబ్బు మీద కాలేస్తే ఊగి పక్కకు ఒరుగుతుంది. పక్కన వేస్తే చీలమండ దాకా దిగబడుతుంది. వీపున ఇరవై కిలోల పైచిలుకు బరువుతో గంటల కొద్దీ ఇదే వరస. దుబ్బులు అయిపోయాయనుకుంటే విల్లో పొదలు... కొన్నిచోట్ల మనిషి కంటే ఎత్తు. అందుకే అనుభవజ్ఞులు కొండ అంచుల్ని, నది ఒడ్డున గులకరాళ్ల మేటల్ని, జంతువులు తిరిగి తిరిగి ఏర్పడిన జాడల్ని వెతుక్కుంటారు. ఈ కొండల్లో ఎటు నడవడం తేలికో జంతువులకు తెలిసినట్టు మరెవరికి తెలుస్తుంది?

ఇక నదులు. వంతెన ఒక్కటీ ఉండదు. నీళ్లలోకి దిగి దాటాల్సిందే. నది పాయలుగా విడిపోయినచోట లోతు తక్కువ కాబట్టి అలాంటి చోటునే ఎంచుకోవాలి. దాటేముందు వీపుసంచి నడుంపట్టీ విప్పేయాలి. ఎందుకంటే, కాలు జారితే సంచిని వదిలేసి ప్రాణం దక్కించుకోవచ్చు. పైన వాన పడితే కొన్ని గంటల్లోనే నది పొంగుతుంది. అప్పుడు చేసేదేమీ లేదు. ఒడ్డున గుడారం వేసుకుని తగ్గేదాకా కూర్చోవడమే. తొందరపడినవాళ్లకే ఇక్కడ ముప్పు!

తిండి పెట్టెకు తాళం

గ్రిజ్లీ ఎలుగుబంట్ల రాజ్యమిది. ఉత్తరాన ఎత్తయిన చెట్లు ఉండవు కాబట్టి తిండిని కొమ్మకు వేలాడదీయడం కుదరదు. అందుకే ఎలుగు తెరవలేని గట్టి డబ్బాల్లోనే ఆహారం దాచాలన్నది నిబంధన. వంట ఒకచోట, డబ్బా ఇంకోచోట, పడక మరోచోట. మూడింటి మధ్యా దూరం ఉండాలి. పొదల్లో నడిచేటప్పుడు గట్టిగా మాట్లాడుతూ, చప్పుడు చేస్తూ వెళ్లాలి. మనిషి వస్తున్నాడని తెలిస్తే చాలాసార్లు ఎలుగే తప్పుకుంటుంది. తప్పుకోకపోతే మిరప ఘాటున్న స్ప్రే ఉండనే ఉంది.

ఎలుగుబంటి కనిపించినా కనిపించకపోయినా దోమలు మాత్రం తప్పవు. జూన్, జులైల్లో ముఖానికీ దోమతెర తగిలించుకుని తిరగాలి. ఆ రోజుల్లోనే కొన్ని వారాలపాటు సూర్యుడు అస్తమించడు. రాత్రి పదకొండింటికి వంట మొదలుపెట్టినా దీపం అక్కర్లేదు! ఆగస్టు చివరికి దోమలు తగ్గి కొండలన్నీ ఎరుపు, పసుపు రంగులకు తిరుగుతాయి. మంచు మాత్రం ఏ నెలలోనైనా పడొచ్చు.

ఒకరి వెనక ఒకరు నడవొద్దు!

మామూలుగా కొండల్లో ఒకరి వెనక ఒకరు, బాట దాటకుండా నడవమంటారు. ఇక్కడి నియమం పూర్తిగా తిరగేసి ఉంటుంది. నలుగురు వెళ్తుంటే నలుగురూ నాలుగు వైపులా విడిపోయి నడవాలి. ఒకరి అడుగులో ఇంకొకరు అడుగు వేస్తే నాచు నలిగి, గడ్డి చచ్చి, బాట పడిపోతుంది. చలిదేశపు మొక్కలు ఒకసారి దెబ్బతింటే కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. దారి గుర్తుగా రాళ్లు పేర్చడం కూడా కూడదు. ముందు వచ్చినవాళ్లకు దొరికిన ఆనందం తర్వాత వచ్చేవాళ్లకూ దొరకాలి కదా... ‘ఇక్కడికి నేనే మొదట వచ్చానేమో’ అనిపించే ఆ ఆనందం!

అడవిలో ఓ ఊరు

అలాగని ఇది మనుషులెరుగని చోటనుకుంటే పొరపాటే. వేల ఏళ్లుగా ఈ లోయల్లో మనుషులు తిరిగారు, వేటాడారు. పార్కు మధ్యలోనే అనక్టువుక్ పాస్ అనే ఊరుంది. జనాభా అటూఇటుగా నాలుగు వందలు. రెయిన్‌డీర్ జాతికి చెందిన కారిబూల వెంట సంచారం చేసే నునామియుత్‌లు 1940ల చివర్లో ఇక్కడ స్థిరపడటం మొదలైంది. వాళ్ల భాషలో ఊరి పేరుకు అర్థమేమిటో తెలుసా? కారిబూల పెంటికలు ఉండే చోటు! నవ్వొచ్చినా అందులో బతుకు లెక్క ఉంది. పెంటికలున్నాయంటే మంద ఆ దారినే వెళ్తోందన్నమాట. మంద వస్తే ఇంట్లో మాంసం, ఒంటికి తోలు. ఆ తోలుతో వాళ్లు చేసే ముఖాకృతులు కళాప్రియుల ఇళ్లదాకా వెళ్లాయి. ఈ ఊరికి కూడా రోడ్డు లేదు. విమానమొక్కటే దిక్కు.

ఇప్పుడా కారిబూలే తగ్గిపోతున్నాయి. ఈ ప్రాంతంలో తిరిగే పశ్చిమ ఆర్కిటిక్ మందలో 2003లో దాదాపు 4 లక్షల 90 వేలు ఉంటే, 2023 లెక్కల్లో తేలినవి లక్షా 52 వేలే!

రోడ్డు వస్తుందా?

పార్కుకు పడమరగా ఆంబ్లర్ ప్రాంతంలో రాగి, జింకు, కోబాల్ట్ నిక్షేపాలున్నాయి. వాటికోసం డాల్టన్ హైవే నుంచి 340 కిలోమీటర్ల రోడ్డు వేయాలన్నది ప్రతిపాదన. అందులో సుమారు 40 కిలోమీటర్లు పార్కులో భాగమైన అభయారణ్యం మీదుగానే వెళ్తుంది. విచిత్రమేమిటంటే, పార్కును పుట్టించిన 1980 నాటి చట్టమే ఆ దారికి వీలు కల్పించింది. 2020లో అనుమతులిచ్చారు, 2024లో కాదన్నారు, 2025 అక్టోబరులో అధ్యక్షుడు ట్రంప్ మళ్లీ పచ్చజెండా ఊపారు. స్థానికుల్లోనూ ఒక్క మాట లేదు. ఉపాధి దొరుకుతుందని కొందరి ఆశ. రోడ్డు పడితే కారిబూలు దారి మార్చుకుంటాయని, నదుల్లో చేపలు దెబ్బతింటాయని మిగతావారి దిగులు.

రోడ్డు వేయడానికి ఎన్నేళ్లు పట్టినా అది అయ్యే పనే. వేసిన రోడ్డును తీసేసి, దుబ్బుల్నీ నాచునీ మళ్లీ మునుపటిలా మొలిపించడం మాత్రం మనిషి చేతిలో లేదు. నలుగురు నడిస్తేనే మచ్చ పడుతుందని విడివిడిగా నడవమంటున్న నేల మరి అది!

వెళ్లాలనుకుంటే...

అమెరికాలో ఉన్న మనవాళ్లలో ఎవరికైనా ఆసక్తి ఉంటే ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి బెటిల్స్ అనే ఊరికి చిన్న విమానంలో వెళ్లాలి. అక్కణ్నుంచి నీళ్ల మీద వాలే విమానాలు ఏ సరస్సు దగ్గరో దించి, చెప్పిన రోజుకు వచ్చి ఎక్కించుకుంటాయి. పొగమంచు పట్టిందంటే ఆ రోజు కాస్తా రెండు మూడు రోజులు వెనక్కి వెళ్లొచ్చు కాబట్టి తిండి అదనంగా ఉండాల్సిందే. సెల్‌ఫోన్ పనిచేయదు. ఉపగ్రహంతో సందేశం పంపే పరికరం దగ్గరుంచుకోవాలి. ప్రవేశ రుసుము లేదు. బయల్దేరేముందు రేంజర్ల దగ్గర జాగ్రత్తలు తెలుసుకుని, ఎటు వెళ్తున్నారో, ఎప్పుడొస్తారో రాసిపెట్టి వెళ్లడం మంచిది. కొండలెక్కిన అనుభవం లేనివాళ్లు మాత్రం గైడు లేకుండా అడుగు పెట్టకపోవడమే మేలు. అక్కడ దారి తప్పితే అడగడానికి మనిషీ ఉండడు, తిరిగి పట్టుకోవడానికి దారీ ఉండదు!