ఎండ ముదిరితే విమానం ఎందుకు ఆగుతుంది?

2017 జూన్ 20న అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో నలభైకి పైగా విమానాలు రద్దయ్యాయి. తుపాను లేదు, పొగమంచు లేదు, సమ్మె లేదు. ఆ రోజు ఎండ 48 డిగ్రీలు దాటుతుందని వాతావరణ శాఖ ముందే చెప్పింది, అంతే. రద్దయినవి బొంబార్డియర్ కంపెనీ తయారుచేసిన చిన్న జెట్‌లు. అదే మధ్యాహ్నం, అదే విమానాశ్రయం నుంచి బోయింగ్‌లు, ఎయిర్‌బస్‌లు ఎగురుతూనే ఉన్నాయి.

వేసవి సెలవులకు వచ్చిన మా మేనకోడలికి ఈ సంగతి చెబితే వెంటనే రెండు ప్రశ్నలు వేసింది. "పైకి వెళ్తే చల్లగానే ఉంటుంది కదా మామయ్యా, మరి ఎండంటే ఎందుకంత భయం? చిన్నవి ఆగిపోతే పెద్దవి ఎలా ఎగిరాయి?"

మొదటి ప్రశ్నకు సగం జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది. పది, పదకొండు కిలోమీటర్ల ఎత్తున బయట గాలి సున్నాకు యాభై డిగ్రీలు కింద ఉంటుంది. అక్కడ ఎండ ఊసే లేదు. చిక్కంతా నేల విడిచే ఆ ఒకటి రెండు నిమిషాల్లోనే.

మే నెలలో సైకిల్‌ను ఎండలో వదిలేస్తే ట్యూబు టప్పున పేలుతుందని మనవైపు పిల్లలందరికీ తెలుసు. గాలి కొట్టే అతను కూడా ఆ నెలలో రెండు పంపులు తక్కువే కొడతాడు. వేడెక్కిన గాలికి చోటు ఎక్కువ కావాలి. ట్యూబులో చోటు లేదు కాబట్టి చీల్చుకుని బయటికొస్తుంది. ఆరుబయట దానికి అడ్డేముంది? విచ్చుకుంటుంది, పలచబడుతుంది. సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీల వేడిలో ఒక ఘనపు మీటరు గాలి 1.225 కిలోలు తూగుతుంది. 45 డిగ్రీల దగ్గర అంతే చోటులో ఉన్న గాలి 1.11 కిలోలే. ఇంచుమించు పదో వంతు తగ్గిపోయిందన్నమాట.

ఈ పదో వంతుతోనే పేచీ. గోదావరిలో పడవ నడిపేవాడు తెడ్డుతో నీళ్ళను వెనక్కి తోస్తేనే పడవ ముందుకు పోతుంది. విమానం రెక్క కూడా అంతే, గాలిని కిందికి తోస్తేనే తాను పైకి లేస్తుంది. పలచని గాలిలో రెక్కకు పట్టు చిక్కదు. ఆ లోటును వేగంతో పూడ్చుకోవాలి. గాలి పదో వంతు పలచబడితే విమానం సుమారు ఐదు శాతం ఎక్కువ వేగం అందుకున్నాకే నేల విడవగలదు.

ఐదు శాతమేగా అనిపించవచ్చు. కానీ ఆ వేగం ఇవ్వాల్సిన ఇంజిను కూడా ఆ పలచని గాలినే పీల్చుకోవాలి. చాలా జెట్ ఇంజిన్లు బయటి వేడి 30 డిగ్రీల ప్రాంతం దాకా తమ పూర్తి బలం ఇస్తాయి. ఆ పైన లోపలి టర్బైన్ రేకులు మాడిపోకుండా బలం తగ్గించుకోక తప్పదు. అంటే కావలసిన వేగం పెరిగింది, తోసే బలం తగ్గింది. రెండూ కలిసి రన్‌వేను మింగేస్తాయి. శంషాబాద్‌లో 43 డిగ్రీల ఎండలో కూడా విమానాలు మామూలుగా లేచిపోవడానికి అక్కడి 4,260 మీటర్ల రన్‌వే ఒక కారణం. పరిగెత్తడానికి నేల ఉంది.

అలా నేల లేనిచోట ఏమవుతుందో లేహ్‌లో కనిపిస్తుంది. లద్దాఖ్‌లోని ఆ విమానాశ్రయం ఎత్తు 10,682 అడుగులు. గాలి అసలే పలచన, చుట్టూ కొండలు. 2024 జులై చివర్లో అక్కడ ఎండ ముప్ఫైల్లోకి వెళ్ళేసరికి వరుసగా విమానాలు రద్దయ్యాయి. విజయవాడలో ఆపాటి ఎండను చల్లని రోజు అంటాం. కానీ లేహ్‌లో 35 డిగ్రీల వేడి ఉంటే అక్కడి గాలి పదిహేను వేల అడుగుల పైన ఉండే గాలంత పలచబడుతుంది. రన్‌వే కదలకుండా అక్కడే ఉన్నా, విమానానికి మాత్రం అది ఇంకో అయిదు వేల అడుగులు పైకి వెళ్ళినట్టే. పైగా ప్రయాణికులకు కనపడని నిబంధన ఒకటుంది. నేల విడిచే క్షణంలో ఒక ఇంజిను ఆగిపోయినా రెండోదానితోనే ఎదుటి కొండను దాటగలగాలి. లెక్కలో ఆ దాటడం కుదరకపోతే రెండు ఇంజిన్లూ నిక్షేపంగా ఉన్నా బయలుదేరడానికి వీల్లేదు. లేహ్ విమానాలను పొద్దున్నే నడపడానికి ఇదొక కారణం, మధ్యాహ్నం లేచే ఈదురుగాలి ఇంకో కారణం.

ఇక రెండో ప్రశ్న. ప్రతి రకం విమానానికీ తయారీదారు పరీక్షించి రాసిచ్చిన పట్టికలు ఉంటాయి. ఇంత వేడికి, ఇంత బరువుకు, ఇంత రన్‌వే కావాలి అని. ఫీనిక్స్‌లో ఆగిన చిన్న జెట్‌ల పట్టిక 47.8 డిగ్రీల దగ్గర ముగిసిపోతుంది. బోయింగ్‌లకు అది 52 డిగ్రీల దాకా, ఎయిర్‌బస్‌లకు ఇంకాస్త పైదాకా ఉంది. 48 డిగ్రీలకు చిన్న విమానం కూలిపోతుందని కాదు. ఆ గీత దాటాక పైలట్ చేతిలో నమ్మదగిన అంకె లేదు, అంకె లేకుండా ఎగరకూడదు. నాకు ఈ వ్యవహారంలో అన్నిటికంటే గౌరవం కలిగించేది ఈ కట్టుబాటే. ఎంత నష్టమైనా, ప్రయాణికులు ఎంత గొడవ పెట్టినా, గీత గీతే.

గీత దాకా రాని రోజుల్లో బరువు తగ్గిస్తారు. ముందు సరుకు, ఆ తర్వాత కొన్ని సీట్లు. వేసవిలో మీ పెట్టె వెనకబడి మరుసటి విమానంలో వస్తే, దాని వెనక ఇలాంటి లెక్క కూడా ఉండవచ్చు.

ఆ పెట్టెను ఎక్కించే మనిషి దగ్గర కాసేపు ఆగుదాం. తలకు తువ్వాలు చుట్టుకుని, చాలా విమానాల్లో నిటారుగా నిలబడే ఎత్తు కూడా లేని సామాన్ల అరలోకి దూరి, మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో పెట్టెనూ లోపలికి జరుపుతాడు. విమానం పైకప్పు అప్పటికే కాలిపోతూ ఉంటుంది. వాతావరణ శాఖ చెప్పే 44 డిగ్రీలు, నేలకు నాలుగడుగుల ఎత్తున తెల్లరంగు చెక్కపెట్టెలో, నీడలో కొలిచిన అంకె. అతను నిలబడిన కాంక్రీటుకు ఆ నీడ లేదు.

మన ఒంటి వేడి 37 డిగ్రీలు. బయటి గాలి అంతకంటే వేడెక్కితే ఒళ్ళు చల్లబడటానికి మిగిలిన దారి చెమట ఆరడం ఒక్కటే. గాలిలో తేమ ఎక్కువుంటే ఆ దారీ మూసుకుంటుంది. మైదానాల్లో 40 డిగ్రీల దగ్గర మొదలుపెట్టే వడగాడ్పు లెక్కను కోస్తాలో 37 నుంచే మొదలుపెట్టడం అందుకే. 2015 మేలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడదెబ్బ చావులు వెయ్యి దాటాయి. చనిపోయినవాళ్ళలో చాలామంది బయట పనిచేసే కూలీలు, ముసలివాళ్ళు.

విమానానికున్న గీత ఈ మనిషికేదీ? తెలంగాణ 2025లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, చనిపోయినవారి కుటుంబానికి నాలుగు లక్షల సాయం ప్రకటించింది. అది మంచి పనే. కానీ అది ప్రాణం పోయాక అందేది. పోకముందు ఆపేది ఎలా ఉంటుందో నిజామాబాద్, జగిత్యాల నుంచి దుబాయ్ వెళ్ళి పనిచేసేవాళ్ళను అడగండి. అక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పగలు పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించడం నేరం. పట్టుబడితే యజమానికి ఒక్కో కార్మికుడికి 5,000 దిర్హమ్‌ల జరిమానా. మన దగ్గర వేసవి రాగానే ఎక్కువగా వినిపించేవి సూచనలే. "ఎండలో తిరగకండి" అన్న మాట రోజు కూలీకి ఎలా పనికొస్తుంది?

చట్టం వచ్చేదాకా ఒక పని మన చేతిలోనే ఉంది. ఈ వేసవిలో మీరు ఇంటికి స్లాబు వేయిస్తున్నా, గోడ కట్టిస్తున్నా, మేస్త్రీతో ముందే మాట్లాడండి. పని పొద్దున ఆరింటికి మొదలుపెట్టి పదకొండుకు ఆపమనండి, మిగిలింది సాయంత్రం చూసుకోమనండి. కూలి మాత్రం పూర్తిగా ఇవ్వండి.