ఎండు నిమ్మకాయ

తెలుగువారి వంటింట నిమ్మకాయకు గల స్థానము చిన్నది కాదు. పులిహోరకు, పప్పునకు, చారునకు రుచి కూర్చునది అది. మండుటెండలో నడచి వచ్చినవారికి చల్లని పానీయమై సేద దీర్చునది అది. జ్వరపడి లేచినవానికి పథ్యములో నోటికి హితవు పుట్టించునది ఊరిన నిమ్మకాయ ముక్కయే. ఇంతటి ఉపకారియైన ఈ ఫలముతో ఒక చిక్కు కలదు. మిక్కిలి కావలసిన దినములలో అది కొరతగా నుండును. అంతగా అక్కర లేని దినములలో కుప్పలుగా వచ్చి పడును.

గూడూరు, తెనాలి, ఏలూరు, నకిరేకల్లు మొదలగు పట్టణములు నిమ్మ వ్యాపారమునకు పేరు పొందినవి. వేసవి ముదిరినకొలది అచ్చటి బజారులలో కాయకు గిరాకి హెచ్చును, ధర పెరుగును. వానలు పడి గాలి చల్లబడిన పిమ్మట గిరాకి తగ్గును. కాపు మాత్రము విరివిగా వచ్చును. ఒక్కొక్క తరుణమున కోత కూలియు, బండి కిరాయియు గిట్టక, రైతు తన చెమటతో పండించిన కాయలను చెట్టు క్రిందనే విడిచిపెట్టవలసి వచ్చును. చవుకగా దొరకినదని బుట్టెడు కాయలు కొనిన గృహిణికిని సుఖము లేదు. కొలది దినములకే కొన్ని కాయలపై ఆకుపచ్చని బూజు పుట్టును. ఒక కాయకు పట్టినది ప్రక్క కాయకును ప్రాకును. సమృద్ధి నాటి పంటను కొరత నాటికి దాచుట ఎట్లు? ఈ ప్రశ్నకు మన పెద్దలు చెప్పిన సమాధానము రెండే మాటలు: ఉప్పు, ఎండ.

ఈ రెంటి పనితనము తెలియవలెనన్న, కాయ చెడుటకు గల కారణము ముందుగా తెలియవలెను. గాలిలో కంటికి కానరాని బూజు బీజములు ఎల్లప్పుడును తేలియాడుచుండును. నిమ్మ, నారింజ, బత్తాయి మొదలగు కాయలపై తరచుగా కనిపించు ఆకుపచ్చని బూజును, నీలి బూజును శాస్త్రజ్ఞులు పెనిసిలియం అను జాతిలో చేర్చిరి. 1928వ సంవత్సరమున అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెనిసిలిన్‌ను కనుగొనినది ఈ జాతికే చెందిన వేరొక బూజునుండి. అంతమాత్రమున కాయపై పుట్టిన బూజును ఔషధమని భ్రమపడరాదు. కాయ తొక్కపై చిన్న గాటు పడినచో చాలును. ఆ బీజములు అందు ప్రవేశించి మొలకెత్తును. నిమ్మరసములోని పులుపునకు అనేక సూక్ష్మజీవులు తాళజాలవు. బూజు మాత్రము తాళగలదు. అయితే దానికిని ఒకటి లేనిదే జరుగదు. అది నీరు. నీరు అందని చోట బూజు బీజములు నిద్రించును గాని పెరుగజాలవు.

నిమ్మకాయలో నీరెంత యుండును? నూటికి సుమారు 88 పాళ్ళు. అనగా 1000 గ్రాముల కాయలలో 880 గ్రాములు నీరే. మిగిలినది 120 గ్రాములు మాత్రమే. ఎండిన ముక్కలలో నూటికి 10 పాళ్ళు మాత్రమే నీరు మిగులవలెనన్నచో, ఆ ముక్కల బరువు సుమారు 133 గ్రాములకు దిగవలెను. కిలో కాయలనుండి దాదాపు 867 గ్రాముల నీటిని వెడలించుట సామాన్యమైన పని కాదు. ఈ లెక్క తెలిసినవారికి, ఒక పూట ఎండ చాలునని తొందరపడుట ఎంత పొరపాటో బోధపడును.

సూర్యుడు నీటిని ఆవిరిగా మార్చి కొనిపోవును. ఉప్పు పనిచేయు తీరు వేరు. కోసిన ముక్కపై ఉప్పు చల్లినచో, లోని నీరు ఉప్పు ఉన్న దిక్కునకు ఈడ్వబడి వెలికి వచ్చును. దీనినే శాస్త్రములో ద్రవాభిసరణము అందురు. జాడీలో చేరు ఊట ఇట్లు పుట్టినదే. ముక్కలో మిగిలిన నీటిలోను ఉప్పు కరగియుండుటచే, ఆ నీరు బూజునకు సులభముగా దక్కదు.

ఒక్క ఎండయే చాలదా, ఉప్పు ఎందులకని కొందరు అడుగవచ్చును. నిమ్మ విరివిగా దొరకు వానకాలమున ఎండ నిలుకడగా నుండదు. ఎండ నిలుకడగా కాయు నాటికి పచ్చికాయ నిలువదు. ఈ రెండు కాలములకు నడుమ ఉప్పు వంతెన వంటిది. మబ్బు పట్టిన దినములలో ముక్కలు ఉప్పులో ఊరుచు నిరీక్షించును. ఎండ కాసిన దినమున చాపపైకి వచ్చును. మామిడి ముక్కలను ఉప్పులో ఊరవేసి, ఊట పిండి, ఎండబెట్టి మాగాయ పెట్టు ఇల్లాలు అనుసరించునదియు ఈ సూత్రమునే.

పద్ధతి ఇట్లుండును. తొక్క పలుచగా నుండి, పసుపు రంగునకు తిరిగిన గట్టి కాయలను ఏరవలెను. మచ్చ పడినవానిని, మెత్తబడినవానిని చేర్చరాదు. కాయలను కడిగి, తడి లేకుండ తుడిచి, నాలుగేసి ముక్కలుగా కోసి, గింజలు తీసివేయవలెను. కిలో ముక్కలకు సుమారు 200 గ్రాముల ఉప్పును, ఒక చెంచా పసుపును కలిపి జాడీలో నింపవలెను. పింగాణి జాడీ గాని, గాజు పాత్ర గాని శ్రేష్ఠము. ఇత్తడి, రాగి, ఇనుము, అల్యూమినియము పాత్రలు పనికిరావు. నిమ్మ పులుపు ఆ లోహములను తినివేయును. దినమున కొకసారి పొడి గరిటెతో కలియబెట్టుచుండగా, వారము పదిదినములలో తొక్క మెత్తబడును. అప్పుడు ముక్కలను ఊటనుండి తీసి, వెదురు చేటలపైనగాని శుభ్రమైన చాపపైనగాని ఒకదానికొకటి తగులకుండ పరువవలెను. ఈగలు వ్రాలకుండ పలుచని నూలుబట్ట కప్పవలెను. ప్రొద్దు వాలకముందే ముక్కలను ఇంటిలోనికి చేర్చవలెను. లేనిచో పగలు పోయిన తేమ రాత్రి మంచుతో తిరిగి చేరును. ఎండ తీవ్రతను బట్టి నాలుగు దినములు మొదలు వారము వరకు ఇట్లు ఆరబెట్టవలెను.

ముక్క ఎండినదా లేదా అని పై చూపుతో నిర్ణయింపరాదు. పైన బిరుసుగా నుండి లోన చెమ్మ దాగియుండవచ్చును. దీనికి ఒక సులువైన పరీక్ష కలదు. ఆరిన ముక్కలు చల్లారిన పిమ్మట కొన్నింటిని పొడి గాజు సీసాలో వేసి, బిగుతుగా మూత పెట్టి, ఒక దినము ఉంచవలెను. మరునాడు సీసా లోపలి గోడపై మంచు బిందువులవలె తేమ కనిపించినచో ఎండుట చాలలేదని తెలిసికొని మరల ఎండబెట్టవలెను. ఈ ఒక్క దినపు ఓర్పు ఏడాది నిలువను కాపాడును. సగము ఎండిన ముక్కలను మూతపెట్టి దాచుట, బూజునకు ఇల్లు కట్టి యిచ్చుటయే. నిలువలో బూజు కనిపించినచో పైది గీకివేసి క్రిందిది తినరాదు. దాని వేరులవంటి పోగులు కంటికి కానరాక లోపలికి ప్రాకియుండును.

ఉప్పు లేకుండ బత్తాయి, కమలా పండ్ల బిళ్ళలను ఎండబెట్టువారును కలరు. బిళ్ళ మందము సుమారు 5 మిల్లీమీటర్లకు మించరాదు. సముద్రతీరపు గాలిలో తేమ హెచ్చు గనుక, అచ్చట ఉప్పులేని బిళ్ళలు ఎండకముందే బూజు పట్టవచ్చును. అట్టిచోట విద్యుత్తుతో నడచు ఆరబెట్టు పెట్టెను 55 మొదలు 60 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో వాడుట మేలు. వేడి హెచ్చించినచో పని త్వరగా ముగియునని తలంచుట తగదు. పై పొర ముందుగా బిగిసి కవచమువలె మారును. లోని తేమకు త్రోవ మూసికొనిపోవును. తొక్కలను సయితము పారవేయనక్కరలేదు. సుగంధ తైలమంతయు తొక్క పై పొరలోని చిన్న చిన్న తిత్తులలో నుండును. క్రింది తెల్లని పొర చేదు గనుక దానిని గీకివేసి, పై తొక్కను నీడలో ఆరబెట్టి పొడి చేయుదురు. సున్నిపిండిలో నారింజ తొక్కల పొడి కలుపుట తెలుగు ఇండ్లలో వాడుకయే.

ఈ విద్య తెలుగువారికే పరిమితము కాదు. తమిళనాట నార్తంగాయను చుట్టలు చుట్టలుగా కోసి, ఉప్పు దట్టించి, ఎండబెట్టి పెరుగన్నమున నంజుకొందురు. దక్షిణ చైనాలోని సిన్‌హుయి ప్రాంతమువారు కమలా తొక్కలను ఎండబెట్టి ఏండ్ల తరబడి దాతురు. పాతబడినకొలది వానికి విలువ పెరుగును. ఒమాన్ మొదలగు గల్ఫ్ దేశములలో నిమ్మకాయలను కోయక ఉప్పునీటిలో కొంతసేపు ఉడికించి, లోని గుజ్జు నల్లబడువరకు ఎండబెట్టుదురు. లూమీ అను ఆ కాయను మాంసము, చేపల వంటకములలో పులుపునకు వాడుదురు. జీవనోపాధికై అచ్చటికి పోయిన తెలుగువారికి ఆ నల్లని నిమ్మకాయ అంగళ్ళలో కనిపించుచునే యుండును.

ఎండు నిమ్మకాయలో రుచి నిలుచును, వాసన నిలుచును. పచ్చికాయలోని గుణమంతయు నిలుచునా? ఈ ప్రశ్నకు సమాధానము పూర్వము సముద్రముపై ఎందరో నావికుల ప్రాణములతో ముడివడియుండెను. నెలల తరబడి తాజా కాయగూరలు లేక ప్రయాణించు నావికులకు స్కర్వీ అను వ్యాధి వచ్చెడిది. చిగుళ్ళు వాచి రక్తము కారును, బలము క్షీణించును, తుదకు మరణము సంభవించును. 1747వ సంవత్సరమున జేమ్స్ లిండ్ అను వైద్యుడు సాలిస్‌బరీ అను బ్రిటిష్ యుద్ధనౌకపై 12 మంది రోగులను ఇద్దరిద్దరి చొప్పున 6 జట్లుగా చేసి, ఒక్కొక్క జట్టునకు ఒక్కొక్క విధమైన మందు ఇచ్చి చూచెను. దినమునకు రెండు నారింజలు, ఒక నిమ్మకాయ తిన్న జట్టు అందరికంటె శీఘ్రముగా కోలుకొనెను. పండ్లు ఆరు దినములకే అయిపోయినను, ఆ ఇద్దరిలో ఒకడు అప్పటికే పనిలో చేరదగినవాడయ్యెను; రెండవవాడు తక్కిన రోగులకు పరిచర్య చేయుటకు నియోగింపబడెను.

పండ్లు దీర్ఘయాత్రలో నిలువవు గనుక, వాని రసమును సెగపై గంటల తరబడి కాచి, చిక్కని పాకముగా చేసి దాచవచ్చునని లిండ్ సూచించెను. పాకము నిలిచెను, రోగమును మాన్పు శక్తి చాలవరకు నశించెను. కారణము అప్పటివారికి తెలియదు. ఆ శక్తి సి విటమినుదని, అది వేడికిని, గాలికిని, వెలుతురునకును క్షీణించునని ఇరువదవ శతాబ్దిలో తేలినది. ఆ విటమినుపై పరిశోధనలు చేసిన ఆల్బర్ట్ సెంట్ జార్జి అను శాస్త్రజ్ఞునికి 1937లో నోబెల్ బహుమానము లభించెను. బ్రిటిష్ నౌకాదళము మాత్రము 1795 నాటికే నావికులకు నిమ్మరసము ఇచ్చు ఏర్పాటు చేసెను.

కావున ఎండు ముక్క తాజా పండునకు బదులు కాజాలదు. అందు ఉప్పు హెచ్చు గనుక రక్తపు పోటు గలవారు మితముగా తినవలెను. పచ్చికాయ దొరకు దినములలో దాని రసమును త్రాగుటయే ఆరోగ్యమునకు మేలు. తినగా మిగిలి చెడిపోవలసిన దానిని మాత్రము ఎండకు అప్పగింపవలెను. చెట్టు క్రింద రాలి మట్టిలో కలియవలసిన కాయ, ఏడాది గడచిన తరువాత ఒక రోగి పథ్యమున నోటికి రుచి యగును. రైతు శ్రమకును, చెట్టు ఫలమునకును ఇంటివారు చేయదగిన మర్యాద అదియే.