గాడి నుంచి గాడిలోకి

విజయనగరంలో 1919లో మహారాజా సంగీత కళాశాల ఏర్పడి, ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి ప్రిన్సిపాలుగా, ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ ఆచార్యులుగా చేరిన నాటికే కలకత్తాలో గ్రామఫోను రికార్డులు తయారవుతున్నాయి. తరువాతి దశాబ్దాల్లో ద్వారం వారి వయొలిన్ వాదనం, సాలూరు దగ్గరి శివరామపురంలో పుట్టిన సాలూరి రాజేశ్వరరావు లలిత గీతాలు, ఆ కళాశాలలోనే చదువుకున్న ఘంటసాల, పి. సుశీలల పాటలు ఒకటొకటిగా రికార్డులకెక్కాయి. ఇప్పుడు ఉత్తరాంధ్రలో పాత రికార్డుల పెట్టె తెరిచిన వారికి నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క రికార్డులు, 1948లో అమెరికాలో మొదలై తరువాత ఇక్కడికి వచ్చిన వినైల్ ఎల్.పి.లు కలగలిసి కనబడడం సహజం. వాటిని సీడీలోకి ఎక్కించే రికార్డరును ఎంచుకునేటప్పుడు ఆ యంత్రం పాటకు ఏమి చేర్చగలదనే దానికంటే, పాటను ఎంత తక్కువగా ముట్టుకుంటుందనేదే ముఖ్యం.

సీడీ ప్రమాణాన్ని ఫిలిప్స్, సోనీ సంస్థలు 1980లో ఖరారు చేశాయి. శబ్ద తరంగం ఎత్తును సెకనుకు 44,100 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ 65,536 మెట్లలో ఒకదానిగా, అంటే 16 బిట్ల సంఖ్యగా రాయడం ఆ ప్రమాణంలోని సారం. 1982లో సీడీలు అంగట్లోకి వచ్చినా, కర్మాగారంలో అచ్చు పోస్తే తప్ప అవి తయారయ్యేవి కావు. ఆ దశాబ్దం చివర జపానుకు చెందిన తైయో యూడెన్ సంస్థ రంగు పూతతో రాయదగిన సీడీని రూపొందించింది, 1988లో దానికి ప్రమాణమూ ఏర్పడింది. పాలీకార్బొనేట్ బిళ్లపై ముందుగానే ఒక సర్పిలపు గాడి ఉంటుంది, దానిపై రంగు పూత, ఆపై అద్దంలా మెరిసే లోహపు పొర ఉంటాయి. 780 నానోమీటర్ల లేజరు కిరణం తీవ్రంగా తగిలిన చోట రంగు మారి, అక్కడి నుంచి తిరిగొచ్చే వెలుతురు తగ్గుతుంది, ప్లేయరు ఆ మచ్చలను అచ్చు సీడీలోని గుంటలుగా భావించి చదువుకుంటుంది. ఆ గాడి తిన్నగా సాగక అతి సన్నగా వంకరలు పోతూ ఉండడం వల్లనే రికార్డరుకు తానెక్కడ ఉన్నదీ, ఎంత వేగంతో తిప్పవలసినదీ తెలుస్తుంది. ఎల్.పి.లో ముల్లు అంచు నుంచి లోపలికి నడిస్తే, సీడీలో కిరణం లోపలి నుంచి అంచుకు నడుస్తుంది. ఎల్.పి.లో కేంద్రానికి దగ్గరయ్యే కొద్దీ ముల్లు కింద గాడి వేగం తగ్గి ధ్వని నలుగుతుంది, సీడీలో ఆ వేగం మొదటి నుంచి చివరి దాకా ఒకటే.

తొలి రికార్డర్లు స్టూడియోలకే అందుబాటులో ఉండేవి, ఒక్కొక్కటి పదివేల డాలర్ల పైమాటే. 1997లో ఫిలిప్స్ ఇంటి వాడకానికి తెచ్చిన యంత్రంతో కంప్యూటరు అవసరం లేకుండానే పాటను సీడీకి ఎక్కించే వీలు కలిగింది. అయితే సంగీత వ్యాపారుల ఒత్తిడి వల్ల ఇంటి యంత్రాలు సంగీతానికని ప్రత్యేకంగా గుర్తువేసిన, ధర ఎక్కువైన ఖాళీ సీడీలను మాత్రమే స్వీకరిస్తాయి. స్టూడియో రకం యంత్రాలకు ఆ పట్టింపు లేదు గనుక, ఖాళీ సీడీలు దొరకడమే గగనమైన ఈ రోజుల్లో ఆ రకమే మేలు.

మంచి ధ్వనికి మాత్రం అసలు తావు రికార్డరుకు ముందే ఉంది. ముల్లు కదలికను విద్యుత్తుగా మార్చే కార్ట్రిడ్జ్ నుంచి వచ్చేది కొద్ది మిల్లీవోల్టులే, రికార్డరు లైన్ ఇన్‌కు కావలసింది దానికి దాదాపు వంద రెట్లు. పైగా రికార్డు కోసేటప్పుడు మంద్ర ధ్వనులను తగ్గించి, తార ధ్వనులను పెంచి కోస్తారు. అలా చేయకపోతే మంద్ర ధ్వనులకు గాడి మరీ వెడల్పై రికార్డులో చోటు చాలదు, తార ధ్వనులు రాపిడి చప్పుడులో మునిగిపోతాయి. ఆ హెచ్చుతగ్గులను తిరగేసి సరిచేసేదే ఫోనో ప్రీయాంప్లిఫయర్, అది లేకుండా నేరుగా కలిపితే పాట పీలగా, కీచుగా వినబడుతుంది. ఈ సవరణకు 1954లో ఒకే ప్రమాణం కుదిరింది, అంతకు ముందరి 78 రికార్డులకు కంపెనీకొక లెక్క. ఆ 78లకు ముల్లు కూడా వేరే కావాలి. ఎల్.పి. ముల్లు మొన వ్యాసార్ధం 25 మైక్రాన్లకు మించదు, 78కి దానికి సుమారు మూడింతలు ఉండాలి, లేకపోతే ముల్లు గాడి అడుగుకు జారి అక్కడి మురికిని గీకుతుంది. తుడిచేటప్పుడు స్పిరిట్ వాడితే లక్క కరిగిపోతుందని ప్రత్యేకంగా చెప్పాలి, వినైల్‌కు పనికొచ్చే ద్రావకాలన్నీ దానికి పనికిరావు.

వేగం సంగతి శాస్త్రీయ సంగీతం వినేవారికి ఇంకా ముఖ్యం. 78 చుట్ల రికార్డు 80 చుట్లు తిరిగితే శ్రుతి దాదాపు అర స్వరస్థానం హెచ్చుతుంది, సీడీకి ఎక్కిన తరువాత ఆ తప్పు అక్కడే స్థిరపడిపోతుంది.

ఇక రికార్డరులో చూడవలసినవి కొద్దే. రికార్డింగ్ లెవెల్‌ను చేత్తో తిప్పి సరిచేసుకునే మీట, స్పష్టమైన మీటరు తప్పనిసరి, ఎందుకంటే అంకెల్లో సున్నా డెసిబెల్ దాటిన ధ్వని నెత్తి నరికినట్టు తెగిపోతుంది. ఎల్.పి.లో అతి మెల్లని ధ్వనికీ అతి బిగ్గర ధ్వనికీ మధ్య 60, 70 డెసిబెల్‌ల తేడాయే ఉంటుంది, సీడీలో 96కి చోటుంది. అందుచేత పైన ఆరు డెసిబెల్‌లు ఖాళీ వదిలినా నష్టం లేదు, 24 బిట్ల మార్పిడి ఉందన్న ప్రకటన చూసి అదనంగా డబ్బు పోయవలసిన పనీ లేదు. పాటకూ పాటకూ మధ్య నిశ్శబ్దాన్ని పసిగట్టి ట్రాకు సంఖ్య తానే మార్చే ఏర్పాటు రికార్డుల దగ్గర తరచు బోల్తా పడుతుంది: అరిగిన రికార్డులో నిశ్శబ్దమంటూ ఉండదు, ఆలాపనలో విరామాన్ని అది పాట చివర అనుకుంటుంది. కనుక చేత్తో ట్రాకు వేసే మీట ఉండాలి.

చప్పుడు తీసేసే ఫిల్టర్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ద్వారం వారి కమాను పట్టులోని సున్నితనాన్ని మోసే తార ధ్వనులూ, ముల్లు రాపిడి సరసరా ఒకే పౌనఃపున్యాల్లో ఉంటాయి, ఒకదాన్ని కోస్తే రెండోదీ తెగుతుంది. సరసరతో సహా యథాతథంగా ఒక ప్రతి ఎక్కించుకుని, శుభ్రపరిచే పనేదైనా ఉంటే మరో ప్రతి మీద చేయడమే సరైన పద్ధతి.

తైయో యూడెన్ కూడా 2015తో ఖాళీ సీడీల తయారీని మానుకుంది, రికార్డర్లు ఇప్పుడు ఎక్కువగా సెకండ్ హ్యాండ్‌లోనే దొరుకుతాయి. కొనే ముందు దుకాణంలోనే ఒక రికార్డు ఒక వైపును పూర్తిగా ఎక్కించి, విషయసూచికను రాసి సీడీని ముగించే ఫైనలైజ్ దశ దాకా వెళ్లి, ఆ సీడీని వేరే ప్లేయరులో పెట్టి చివరి ట్రాకు దాకా వినాలి. లేజరు నీరసించిన యంత్రం మొదటి నిమిషాలు బాగానే రాసి, ఫైనలైజ్ దగ్గర ఆగిపోవచ్చు.